పక్కింటి కుక్క, మన పిల్లలు

సాయంత్రం ఆడుకోవడానికి కిందికి వెళ్ళనని పిల్లవాడు మొండికేస్తుంటే బద్ధకం అనుకోకండి. ఒకసారి మెట్ల దగ్గర నిలబడి చూడండి. పక్కింటివాళ్ళ లాబ్రడార్ గొలుసు లేకుండా తిరుగుతుండొచ్చు. "ఏమీ చేయదండీ, ఆడుకోవడానికే వస్తుంది" అంటారు వాళ్ళు. అబద్ధం కాదు, వాళ్ళ దగ్గర అది నిజంగానే ఏమీ చేయదు. కానీ మన తొడ దగ్గరుండే ఆ మూతి మూడేళ్ళ పిల్లకి సరిగ్గా మొహం ముందుంటుంది. పిల్ల కేకపెట్టి పరిగెడుతుంది, కుక్క వెంటపడుతుంది. ఆటకే కావచ్చు, పడి దెబ్బ తగిలేది మాత్రం పిల్లకే.

అందుకే ఏదో జరిగేదాకా ఆగకుండా ముందే మాట్లాడండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే పదిమందిలో పరువు తీశారని పంతం పడతారు. ఇంటికే వెళ్ళి, "వదినగారూ, మా పాప నాలుగున్నరకి ట్యూషన్‌కి దిగుతుంది, ఆ కాసేపు రాకీని కట్టేస్తారా?" అని అడగండి. "మీ కుక్కని అదుపులో పెట్టుకోండి" అంటే ఎవరికైనా రోషం వస్తుంది. ఫలానా వేళకి అని అడిగితే కాదనడం కష్టం. రేబిస్ టీకా వేయిస్తున్నారా అన్నదీ అప్పుడే అడిగేయండి. ఎంత చెప్పినా వినకపోతే అసోసియేషన్‌కి, ఆపైన మున్సిపాలిటీకి కాగితం మీద రాసివ్వండి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే ఆ మాట మొదటిరోజే ఎత్తకండి, రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం.

పిల్లలకు నేర్పాల్సింది కొంచెమే. కుక్క మీదికొస్తే పరిగెత్తకూడదు, కేకలు పెట్టకూడదు. చేతులు దగ్గరికి పెట్టుకుని, దాని కళ్ళలోకి చూడకుండా చెట్టులా నిలబడిపోవాలి. కింద పడితే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకోవాలి. అది తింటున్నప్పుడు, పిల్లల్ని పెట్టినప్పుడు దగ్గరికి పోకూడదు. ఇవి నోటితో చెప్పి వదిలేయకండి, హాల్లో మీరే కుక్కలా మీదికొచ్చి ఆడించి చూపండి. రాళ్ళు విసరడం మాత్రం నేర్పకండి. తప్పు కుక్కది కాదు.

నాకు అన్నిటికన్నా భయం దాచిపెట్టిన గాటంటేనే. అమ్మ తిడుతుందనో, సూదులు పొడుస్తారనో పిల్లలు ప్యాంటు కిందికి లాక్కుని ఊరుకుంటారు. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లనే పాత భయం ఇంకా ఇళ్ళల్లో వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు వేసేది చేతికే, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం కూడా. గాటు పడగానే ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పూయొద్దు. అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తం వచ్చిన గాటైతే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాల్సి ఉంటుంది. వాళ్ళ కుక్కకి టీకా వేయించారట కదా అని ఆగిపోవద్దు. గాయం మానిందని మధ్యలో డోసులు మానేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

ఈ రాత్రి అన్నాల దగ్గరే పిల్లలకు చెప్పండి: కుక్క పన్ను గీసుకున్నా సరే వెంటనే వచ్చి చెప్పాలి, ఎవరూ తిట్టరు అని. ఆ మాట మీద మీరూ నిలబడండి.