వేటగాడి సీను రాసే ముందు

జూబ్లీహిల్స్

మేనల్లుడికి,

నీ స్క్రిప్టు చదివాను. హీరో వేటగాడు కావడం బాగుంది గానీ, అందులో తుపాకీ మోతే ఉంది, వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు మీ తాత వెంట మన్ననూరు పైన నల్లమలలో తిరిగినవాణ్ణి కనుక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వేటకి కాలం ఉంటుంది. దసరా నాటికి బోదగడ్డి నడుమెత్తు ఉంటుంది, పదడుగుల్లో దుప్పి ఉన్నా కనబడదు. మాఘం దాటి ఆకు రాలితే గాని చూపు ఆనదు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే దుప్పులు చెట్ల కిందికి గుంపులుగా వస్తాయి. మేం గాలికి ఎదురుగా కూచునేవాళ్ళం. మన వాసన తగిలిందా, ముందుకాలు నేలకేసి కొట్టి, తోక లేపి ఒక్క కూత కూస్తుంది. ఇక ఆ పూటకి ఇంటిదారే. ఎండలు ముదిరాక కుంటల దగ్గర మంచె కట్టి కొట్టేవాళ్ళూ ఉండేవారు. దాహానికొచ్చినదాన్ని కొట్టడం వేట కాదని మీ తాత వాళ్ళతో మాట్లాడేవారు కాదు. నాదీ ఇవాళ్టికీ అదే మాట. రాత్రిపూట జీపు లైటు వేసి, కళ్ళు మెరవగానే పేల్చడం అంతకన్నా నీచం. నీ హీరో సరిగ్గా అదే చేస్తున్నాడు, పైగా వెనకాల పాట!

తుపాకీ పేలగానే జింక కుప్పకూలినట్టు రాశావు. అలా పడడం అరుదు. గుండెకి తగిలినా కాస్త దూరం పరుగెడుతుంది. అసలు పని అప్పుడే మొదలు. ఆకుల మీద నెత్తురు లేత ఎరుపులో నురగగా ఉంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురుగా, పసరు కలిసి, కంపు కొడుతుంటే పొట్టలో తగిలినట్టు. అది గంటల తరబడి చావదు. వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది, అందుకని ఆగాలి. ఆ ఆగిన సేపు ఎవరూ ఎవరి మొహమూ చూడరు. నీ హీరో ఎలాంటివాడో అక్కడ తెలియాలి, గురి చూసేటప్పుడు కాదు. ఆ సీను రాయి.

ఇక మీ అమ్మ ఫోన్లో చెప్పిన సంగతి. ఫామ్‌హౌస్ మిత్రులెవరో ‘అనుభవం కోసం’ రాత్రి వేటకి రమ్మంటున్నారట. వెళ్ళకు. తుపాకీ నేను పట్టను కదా అంటావేమో. చట్టం లెక్కలో జంతువుని తరమడం, ఎర వేయడం, చంపబోవడం కూడా వేటే. 1998లో ‘హమ్ సాథ్ సాథ్ హై’ షూటింగుకి జోధ్‌పూర్ వెళ్ళినవాళ్ళ కథ ఫిల్మ్‌నగర్‌లో తెలియనిదెవరికి? కంకాణీ దగ్గర రెండు కృష్ణజింకలు చచ్చాయి. జింకల్ని కాపాడుకునే అక్కడి బిష్ణోయీలు వదిలిపెట్టలేదు. 2018 ఏప్రిల్ 5న కోర్టు సల్మాన్ ఖాన్‌కి ఐదేళ్ళ శిక్ష వేసింది, ఆయన అప్పీలుకి వెళ్ళాడు. వెంట ఉన్నారన్న ఆరోపణ మీద బోనెక్కిన సైఫ్, సోనాలీ, నీలం, మన హైదరాబాద్ అమ్మాయి టబూ నిర్దోషులని అదే రోజు తేలింది. సంతోషమే, కానీ దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. వాళ్ళు స్టార్లు కనుక తట్టుకున్నారు. నీకింకా మొదటి సినిమాకి క్లాప్ కూడా పడలేదు.

‘అప్పట్లో మీరు కొట్టలేదా’ అని అడుగుతావు. కొట్టాం. అప్పుడు లైసెన్సులుండేవి, అడవీ ఉండేది. ఇవాళ మా పేటలో అడవంటే కేబీఆర్ పార్కు గోడ లోపల మిగిలిందే. నిజాం వేటాడిన చోటే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి అయింది. కృష్ణజింకల్ని అక్కడ చూడు. దుప్పులకైతే చిలుకూరు దగ్గర మృగవనికి పొద్దున్నే వెళ్ళు. కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళు, చెవులు పనిచేస్తాయి.

షూటింగుకి నిజం జింకని తెచ్చే ఆలోచన మానుకో, గ్రాఫిక్స్‌తో కానివ్వు. అయినా సెన్సార్ దగ్గర జంతు సంక్షేమ మండలి కాగితం అడుగుతారు. ఆ సంగతి మీ ప్రొడక్షన్ మేనేజర్‌కి ఇప్పుడే చెప్పు, రిలీజు వారంలో కాదు.

ఇంకొకటి. క్లైమాక్సులో కృష్ణజింక రాల్చిన కొమ్ము హీరోకి దొరుకుతుందని రాశావు. ఏటా కొమ్ములు రాల్చేది దుప్పి. కృష్ణజింక కొమ్ములు దాని ప్రాణంతోనే పోతాయి. జంతువుని మారుస్తావో, క్లైమాక్సే మారుస్తావో తేల్చుకుని తర్వాతి డ్రాఫ్టు పంపు.

నీ మామయ్య