యంత్రసాక్ష్యము – తీర్పరి యోగ్యత

న్యాయస్థానమున సాక్షి బోనెక్కి ప్రమాణము చేయును. వకీలు ప్రశ్నించును, సాక్షి తడబడినచో నందఱును చూతురు. సీసీ కెమెరా చిత్రమునకును, ఫోను సందేశమునకును ప్రమాణము లేదు, తడబాటును లేదు. అట్టి సాక్ష్యమును తూచువారికి గావలసిన జ్ఞానమెట్టిదో విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పూర్వము మన దేశమున కొన్ని నేరవిచారణలలో సామాన్య పౌరులే జూరీగా గూర్చుండి నిర్ణయము చెప్పుచుండిరి. 1959లో బొంబాయి నానావతి కేసున జూరీవారిలో 8 మంది నిర్దోషి యనియు, ఒకరు దోషి యనియు జెప్పిరి. సెషన్సు జడ్జి సమ్మతింపక హైకోర్టునకు నివేదించెను. 1960లో హైకోర్టు శిక్ష విధింపగా, 1961లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు జూరీకి చోటీయలేదు. కావున నేడు నేరవిచారణలో సాక్ష్యమును తూచు భారము జడ్జిదే.

ఈ భారమెంతటిదో మన గుంటూరే చూచినది. 2021 ఆగస్టు 15న పట్టపగలు ఇచట జరిగిన యొక హత్య సీసీ కెమెరాలో నమోదయ్యెను. సాక్షుల మాటలతోపాటు ఆ చిత్రమును విచారించి, 2022 ఏప్రిల్ 29న గుంటూరులోని ప్రత్యేక న్యాయస్థానము ముద్దాయికి మరణశిక్ష విధించెను. ఒక ప్రాణము పోయినది. మఱియొక ప్రాణము తీర్పునకు లోబడినది. అట్టి యెడ చిత్రము నిజమైనదని తేల్చుకొనుట చిన్నపని గాదు.

అందులకు చట్టము కొన్ని కట్టుబాట్లు చేసినది. కంప్యూటరు ద్వారా తీసిన నకలునకు ధ్రువపత్రము లేనిచో సాక్ష్యముగా గ్రహింపరాదని 2014లో అన్వర్ కేసున సుప్రీంకోర్టు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము యంత్రమును నిర్వహించువారును, నిపుణుడును ధ్రువపత్రముపై సంతకము చేయవలెను. హాష్ అను సంఖ్యను గూడ తెలుపవలెను. ఫైలంతటినుండి గణితముచే బుట్టు సంఖ్య యిది. ఫైలులో నొక్క యక్షరము మారినను ఈ సంఖ్య వేఱగును.

అయినను దీని హద్దు తెలియవలెను. మిరప యార్డునకు వచ్చిన టిక్కీని తలంపుడు. కుట్టు చెదరకున్నచో దారిలో నెవరును విప్పలేదని తెలియును. లోపల మేలుకాయ యున్నదో తాలుకాయ యున్నదో కుట్టు చెప్పదు. హాషును నట్టిదే. కెమెరా గడియారము తప్పు కావచ్చును. చిత్రము జగడము నడుమ మొదలై యుండవచ్చును. హాష్ కట్టుటకు ముందే చిత్రము కల్పింపబడి యుండవచ్చును. ఈ సంగతులు అడుగనేర్చినవాడే యోగ్యుడైన తీర్పరి. యంత్రము నిర్మించు విద్య యతనికి రాకున్నను కొఱత లేదు. ప్రశ్నించు విద్య రావలెను.

జూరీ నేరవిచారణనుండి తొలగినను, ఫోను చేతబట్టి మనము దినమును తీర్పులు చెప్పుచునే యున్నాము. విద్యార్థులారా, ఒకరిని నిందించు చిత్రము మీ చేతికి వచ్చినప్పుడు తీసినదెవరో, ఎప్పుడో, ముందు వెనుక లేమైనవో, ఎవరెవరి చేతులు దాటి వచ్చినదో విచారింపుడు. అవి తెలియు వఱకు దానిని మఱియొకరికి పంపకుడు. నిందపడినవాడు మీ యూరివాడే కావచ్చును.