2003 డీఎస్సీ టీచర్లకు పాత పెన్షన్ దక్కుతుందా?

ప్రశ్న: ఇందుకూరుపేట మండలంలో పనిచేసే ఒక టీచరుకు 2003 డీఎస్సీ నోటిఫికేషన్‌తోనే ఉద్యోగం వచ్చింది. అయినా కాంట్రిబ్యూటరీ పెన్షన్ (సీపీఎస్)లో వేశారు. యూనియన్ వాళ్లు ధర్నాకు రమ్మంటున్నారు. వెళితే ఒరిగేదేమైనా ఉందా అన్నది ఆయన సందేహం.

జవాబు: చిక్కంతా 2004 సెప్టెంబర్ 1 దగ్గరుంది. ఆ తేదీ నుంచి చేరినవాళ్లంతా రాష్ట్రంలో సీపీఎస్ కిందికి వెళ్లారు. ఈ బ్యాచ్‌కు నోటిఫికేషన్ అంతకుముందే వచ్చింది, పోస్టింగులు మాత్రం 2005లో ఇచ్చారు. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం టీచరుది!

ఇలాంటి తన ఉద్యోగులకు పాత పెన్షన్ ఎంచుకునే వీలు కల్పిస్తూ కేంద్రం 2023 మార్చి 3న మెమో ఇచ్చింది. యూటీఎఫ్ వంటి సంఘాలు అడుగుతున్నది అదే.

తేడా జీతం బిల్లులోనే కనిపిస్తుంది. సీపీఎస్‌లో బేసిక్, డీఏ కలిపి 80 వేలైతే నెలనెలా 8 వేలు కోత. ప్రభుత్వమూ అంతే జమచేస్తుంది. రిటైరయ్యాక అలా పోగైన మొత్తంలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి, నెలకు ఎంతొస్తుందో ముందే చెప్పలేరు. పాత పద్ధతిలో పెన్షన్ కోసం కోత లేదు. పూర్తి సర్వీసుంటే చివరి బేసిక్‌లో సగం, పైన డీఆర్. 2023 నాటి గ్యారంటీడ్ పెన్షన్ (జీపీఎస్) చట్టం ఆ సగానికి హామీ ఇచ్చినా కోతను ఆపలేదు. సంఘాలకు మింగుడుపడనిది అదే.

ఇక ధర్నా మాట. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీపై ఉద్యోగుల ‘చలో విజయవాడ’ జరిగిన రెండు రోజులకే ప్రభుత్వం సంఘాలతో ఒప్పందానికి వచ్చి హెచ్‌ఆర్‌ఏ శ్లాబులు సవరించింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 శాతం దగ్గరే ఆగింది. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని తప్పుపట్టాయి కూడా.

ఈలోగా నోటిఫికేషన్, నియామక ఉత్తర్వు కాపీలు భద్రంగా ఉంచుకోవాలి. ప్రాన్ ఖాతాలో ప్రభుత్వ వాటా పడని నెలలుంటే డీడీఓకు రాతపూర్వకంగా తెలపాలి.