గాలపు కర్రకు కార్కు పిడి

అందము పనికి అడ్డు రాకూడదన్నది హస్తకళలలో మొదటి పాఠము. గాలపు కర్రకు అమర్చు కార్కు పిడి ఇందుకు చక్కని నిదర్శనము.

కార్కు అనునది పోర్చుగల్, స్పెయిన్ దేశములలో పెరుగు ఒక జాతి ఓకు చెట్టు బెరడు. చెట్టును నరుకరు, బెరడు మాత్రమే ఒలుతురు. చెట్టుకు సుమారు 25 ఏండ్లు వచ్చిన పిదప తొలిసారి ఒలిచి, ఆపై ప్రతిసారి కనీసము 9 ఏండ్లు ఆగుదురు. మేలి కార్కు మూడవ ఒలుపున గాని లభింపదు. రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో ఈ బెరడును చూచియే, 1665లో ప్రచురించిన గ్రంథమున అందలి గదులకు ‘సెల్’ అను పేరు పెట్టెను. ఆ గదులలోని గాలి వలన కార్కు తేలికగా నుండును. నీటిని అంతగా పీల్చదు. చలిలోను చేతికి వెచ్చగా తోచును.

పిడికొరకు నడుమ రంధ్రముగల అర అంగుళపు బిళ్ళలను తీసికొందుము. 7 అంగుళముల పిడికి 14 బిళ్ళలు కావలెను. వాటికి ఎపాక్సీ జిగురు పూసి, మైనము రాచిన మరకడ్డీకి గుచ్చి, రెండు కొనల బిగించి ఒక దినము ఆరనిత్తుము. పిమ్మట తరిమెనపై త్రిప్పుచు, ముందు ముతక ఉప్పుకాగితముతోను, తుదకు సన్నని దానితోను రాచి రూపు దిద్దుదుము.

అలంకారమునకై కార్కు రవ్వను రబ్బరుతో కలిపి ఒత్తిన నల్లబిళ్ళలను లేతరంగు బిళ్ళల నడుమ కూర్తుము. ఇచ్చటనే జాగ్రత్త వలయును. నల్లబిళ్ళ గట్టిది, మెల్లగా అరుగును. లేతబిళ్ళ త్వరగా అరుగును. గట్టిగా అదిమినచో పిడి మిట్టపల్లములగును. కనుక కాగితమును చదునైన చెక్కకు చుట్టి తేలికగా నడుపవలెను. నల్లబిళ్ళలు బరువైనవి కూడ. అవి మితిమీరినచో చేప ఎరను తాకిన సన్నని అదురు చేతికి సరిగా అందదు.

నలుబది ఏండ్లు దాటిన చెట్టు ఇచ్చిన బెరడును మనము నిమిషములో పాడుచేయగలము. కావున నేర్చుకొను విద్యార్థి రెండు నల్లచారలతోనే ఆరంభించుట మేలు.