గురువులకూ చదువు కావాలి

"లెక్చరరు ఉద్యోగం వచ్చాక ఇంకా చదువేమిటి?" అంటారు కొందరు. సూక్ష్మజీవశాస్త్రంలో ఈ మాట చెల్లదు.

1969లో విటేకర్ జీవులను ఐదు రాజ్యాలుగా విభజించాడు. కేంద్రకం లేనివన్నీ మొనీరాలో చేరాయి. 1977లో వోస్, ఫాక్స్ రైబోసోముల ఆర్.ఎన్.ఏ.ను పోల్చి, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు బాక్టీరియా కావనీ, వాటిది వేరే వంశమనీ తేల్చారు. మా ఊళ్ళో గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ చేసేవి ఆ ఆర్కియాలే! 1975లో పట్టా పుచ్చుకున్న అధ్యాపకుడు ఈ సంగతి తర్వాత తనంత తాను నేర్చుకోవలసిందే కదా!

ఇలాంటి అవసరం కోసమే 1986 జాతీయ విద్యా విధానం దరిమిలా యు.జి.సి. అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. కొత్తగా చేరినవారికి ఓరియెంటేషన్, అనుభవజ్ఞులకు రిఫ్రెషర్ కోర్సు.

అయితే ఉపన్యాసాలు విని సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలదు. ప్రయోగం చేయించడం చేతులతో నేర్వాలి. వేరుశనగ మొక్కను వేళ్ళతో సహా పెకలించి, బుడిపె కోస్తే లోపల ఎర్రగా కనిపిస్తుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్. బుడిపెను స్లైడు మీద నలిపి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే రైజోబియం! దీనికి పెద్ద ఖర్చేం లేదు. రైతుబిడ్డలం, ఆ బుడిపెలను చిన్ననాటి నుంచీ చూస్తున్నాం. అవి గాలిలోని నత్రజనిని పంటకు అందిస్తాయని బోర్డు మీద బొమ్మ కంటె ఈ ప్రయోగమే గట్టిగా చెబుతుంది.

ఒక్క లెక్చరరే ఉన్న పల్లె కాలేజీలో ఆయన శిక్షణకు వెళితే క్లాసులు ఆగుతాయి. వెళ్ళకపోతే పాఠమే ఆగిపోతుంది. కనుక బదులు మనిషిని ఇచ్చి పంపించాలి. మిత్రులారా, నష్టపోయేది మనమే, అడగవలసిందీ మనమే.