పంపడం వేరు, అందజేయడం వేరు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పెద్దలు 'పంపించినాడు' అనడానికి బదులు 'అంపించినాడు' అనడం వినే ఉంటారు. పిల్లలు నవ్వుతారు గాని అది తప్పు మాట కాదు. కొంతకాలం కడపలో ఉండి పనిచేసిన బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులో 'అంపు' ఉంది. 'సాగనంపు', 'అంపకాలు' అనే మాటల్లో ఉన్నదీ అదే.

అరబీలో 'అర్సల' అంటే పంపాడు. రసూల్, రిసాలత్ అనే పదాలు ఆ ధాతువు నుండే వచ్చాయి. 'బల్లగ' మాత్రం పంపడం కాదు, చేరవేయడం. పంపేవాడు అల్లాహ్, అందజేసేవారు ప్రవక్త. దివ్యఖుర్ఆన్ (5:67)లో ప్రవక్త (స)కు వచ్చిన ఆజ్ఞ ఈ రెండో క్రియతోనే ఉంది. అనువాదంలో రెంటికీ 'పంపు' అని రాస్తే ఎవరి పని ఏదో తెలియకుండా పోతుంది.

జిబ్రీల్ (అలైహి) సలాం చెబుతున్నారని ప్రవక్త (స) తెలుపగా హజ్రత్ ఆయిషా (రజి) వెంటనే జవాబు సలాం పలికారు (బుఖారీ). పులివెందుల నుండి ప్రొద్దుటూరు బస్సెక్కే వానితో "మామూకు నా సలాం చెప్పు" అంటాము. అతడు సరేనన్నాడంటే అది అతని దగ్గర అమానత్. మనం పంపాము, అందజేయవలసింది అతడు. దిగాక మరచిపోతే సలాం బస్సులోనే ఉండిపోయినట్లు!

మరి 'దరూద్ పంపండి' అంటాము కదా? అరబీ ఆయత్ (33:56)లో పంపడమనే క్రియ లేదు, 'సల్లూ' అని ఉంది. ఉర్దూ 'భేజ్‌నా' నుండి మన తెలుగులోకి వచ్చిన వాడుక అది.