కనని తల్లి, కన్న తల్లి



అమృతం తీసుకునే వేళ పంచ్ ప్యారేలు ఏం చెబుతారు? నేటి నుండి నీ తండ్రి గురు గోబింద్ సింగ్ జీ, తల్లి మాతా సాహిబ్ కౌర్ జీ అని. మాతా జీ కడుపున బిడ్డ పుట్టలేదు. అయినా ఖాల్సా అంతటికీ ఆమే తల్లి. మరి మన వాడల్లో పెంపుడు బిడ్డను చూసి "ఎవరి రక్తమో" అని ఎందుకంటాం? 1934లో లాహోర్ గురుద్వారా దగ్గర ఎవరో వదిలేసిన, నడవలేని పసివాణ్ణి భగత్ పూరన్ సింగ్ జీ దగ్గరకు తీసుకుని, ఏళ్ల తరబడి వీపున మోశారు. ఆయన రక్తం అడగలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. ఒకామెకు నలుగురు పిల్లలు, ఐదో కడుపు, ఒంట్లో నెత్తురు లేదు. తోడికోడలికి సంతానం లేదు. "తీయించుకోకు, కని వాళ్లకివ్వు" అంటుంది అత్త. ఆస్పత్రిలో తోడికోడలి పేరే రాయిస్తారు. అది నేరం. రేపు అసలు సంగతి బయటపడితే, ఆధార్ నుండి ఆస్తి దాకా చిక్కుల్లో పడేది ఆ బిడ్డే.

1956 దత్తత చట్టం సిక్కులకూ వర్తిస్తుంది. కన్నవారిద్దరూ ఒప్పుకుని బిడ్డను చేతికివ్వాలి, దత్తపత్రం రిజిస్టర్ చేయించడం మేలు. డబ్బు పుచ్చుకోరాదు. ఈ చట్టం కింద కొడుకున్న ఇంటికి మరో కొడుకును, కూతురున్న ఇంటికి మరో కూతురును దత్తత తీసుకోవడం కుదరదు.

బయటి బిడ్డ కావాలంటే కేంద్ర దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకోవాలి. పెళ్లి పత్రం, ఆదాయ పత్రం, ఆరోగ్య పత్రం అడుగుతారు, ఇల్లు చూసిపోతారు. కత్తులకు సాన పట్టి, బాణలి చేసి ఊరూరా అమ్మేవారికి ఆదాయ పత్రం ఎక్కడిది? ముందు తహసీల్దారు కార్యాలయానికి తిరగాల్సిందే. ఆనంద్ కారజ్ జరిగినా రిజిస్టర్ చేయించనివారు ఆ పని కూడా చూసుకోవాలి. ఆపైన ఏళ్ల నిరీక్షణ.

కడుపు తీయించడం గురించి అడిగితే మనసు రెండుగా చీలుతుంది. ఆడపిల్ల అని తెలుసుకుని తీయిస్తే అది కుడీమార్ పనే. అలాంటివారితో పొత్తు వద్దని రెహత్ మర్యాదా చెబుతోంది. లింగం చెప్పడమే 1994 చట్టం ప్రకారం నేరం. కానీ తల్లి ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పినప్పుడు ఆమెను పాపాత్మురాలనే నోరు మనకు వద్దు. చట్టం అడిగేది కూడా పెద్దవయసు స్త్రీ సమ్మతినే, భర్తదో అత్తదో కాదు. ఇంకొకరి ఒడి నింపడానికి ఆమెను కనమని ఒత్తిడి చేయడమూ తప్పే.

కని, పెంచలేని తల్లి బిడ్డను చెత్తకుప్పలో వదలనక్కరలేదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి.